దూరపు పాక నుంచి పిలుపు

మార్గిట్ పోయాక ఆవులు సాయంత్రం తిరిగి రావడం మానేశాయి.

వాటిని తప్పుపట్టను. అవి ఎప్పుడూ నా కోసం రాలేదు. వేసవి మొదలవగానే మేము ఊరు వదిలి అడవి పక్కనున్న పాకకు వెళ్లిపోతాం. పొద్దున పాలు పిండి ఆవులను అడవిలోకి వదులుతాం. సాయంత్రం నా భార్య మార్గిట్ పాక ముందు నిలబడి పిలిచేది. అది మాట కాదు, పాటా కాదు. సన్నగా, మెలికలు తిరుగుతూ పైకి లేచి, మడుగు దాటి, ఎదుటి గుట్టకు తగిలేది. కాసేపటికి చెట్ల మధ్య తెల్లటి వీపులు కనిపించేవి.

మా వైపు ప్రతి ఆడమనిషికీ తనదైన పిలుపు ఉంటుంది. తల్లి దగ్గర నేర్చుకుంటుంది, కొంచెం తనది కలుపుకుంటుంది. పక్కింటామె పిలిస్తే మన ఆవు తలెత్తదు. మగవాళ్లు పిలవరు. పిలిస్తే ఊరు నవ్వుతుంది. ఈ ఊరికి నవ్వడానికి కారణం ఇవ్వకూడదని నేను చాలాకాలం కిందటే నిర్ణయించుకున్నాను.

అందుకని ఈ వేసవి బకెట్ వాయించాను. ఉప్పు చూపించాను. చివరికి కర్ర పట్టుకుని అడవంతా తిరిగి ఒక్కొక్కదాన్నే తోలుకొచ్చాను. నా మోకాలు అరిగిపోయిన మోకాలు. మా ఉత్తరపు వైపు జూన్ చివర్లో రాత్రి కూడా చీకటి పడదు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఆగస్టు. పక్క గుట్ట మీద ఎలుగు ఒక దూడను చీల్చింది. రాత్రి బయట ఉండిపోయిన ఆవు మర్నాడు ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

హోల్గర్ వచ్చి కంచె మీద మోచేతులు ఆనించాడు. పశువులను కబేళాకు తోలే బండి అతనిది. ఎక్కడ ఎవరికి చేతకాకుండా పోతోందో అతనికి వాసన తెలుస్తుంది.

"గురువారం ఇటే వస్తున్నా ఏలోఫ్. బండిలో చోటుంది. ఐదూ పట్టేస్తాయి."

"నేను పిలిచానా నిన్ను?"

"పిలవలేదులే. నువ్వు ఆవుల్నే పిలవలేవు, నన్నేం పిలుస్తావ్? ఊరికే మోకాలు అరగదీసుకోవద్దని చెప్తున్నా. మార్గిట్ ఉంటే వేరే మాట."

వద్దని అనలేకపోయాను. అతను దాన్ని సరే అని తీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఐదింటికీ మార్గిటే పేర్లు పెట్టింది. ఐదూ ఆమె చేతుల్లోనే పుట్టాయి.

అప్పుడు గుర్తొచ్చింది, ఉప్సాలా పిల్ల. పెళ్లైన కొన్నేళ్లకు ఉప్సాలా యూనివర్సిటీ నుంచి ఒక విద్యార్థిని వచ్చింది. పెద్ద టేపు మెషీన్ వీపున వేసుకుని, జోళ్ల నిండా బురదతో. పాత పిలుపులు పోగుచేస్తున్నానంది. మార్గిట్ పిలిచింది, ఆ పిల్ల రికార్డు చేసుకుని పోయింది. మళ్లీ ఉత్తరం ముక్క లేదు. ఆ టేపు ఎక్కడో ఉండాలి. ఇప్పుడన్నీ ఫోనులో దొరుకుతాయంటారు. అది దొరికితే ఆవులకు వినిపిస్తాను.

మార్గిట్ ఫోను నా దగ్గరే ఉంది. సెర్చ్ పెట్టెలో కొట్టి చూశాను. ఎవరెవరో వచ్చారు. స్టేజీ మీద పొడుగు గౌన్లు వేసుకుని అరిచే ఆడవాళ్లు. పాల పొడి అమ్మేవాళ్లు. గంటసేపు కొట్టాను. నా మార్గిట్ తప్ప లోకంలో ఉన్న చెత్తంతా వచ్చింది.

మంగళవారం లైబ్రరీ బస్సు మా రోడ్డు చివర ఆగే రోజు. దాన్ని నడిపేదీ, పుస్తకాలిచ్చేదీ గున్వోర్ ఒక్కతే. అరవైకి దగ్గర పడిన మనిషి. నోరు ఊరుకోదు. మార్గిట్‌కు ఆమె అంటే ఇష్టం. నాకు పెద్దగా ఎవరూ ఇష్టం లేదు.

"ఏం ఏలోఫ్, ఈసారైనా పుస్తకం తీసుకుంటావా? లేక బూట్ల బురద నా బస్సులో దులిపి పోతావా?"

"పుస్తకం వద్దు. ఒకటి వెతకాలి."

"అబ్బ, ఆ మాటకోసమే ముప్పై ఏళ్లుగా బస్సు నడుపుతున్నా. కూర్చో. ఏం వెతకాలి?"

చెప్పాను. ఆమె నవ్వలేదు. ఫోను తీసుకుని నేను అంతకుముందు కొట్టినవి చూసింది. అప్పుడు నవ్వింది.

"'లిస్సెల్ మార్గిట్ తన ఆవులను పిలవడం నాకు వినిపించండి, దయచేసి.' దీనికి దయచేసి అన్నావా?"

"మర్యాద తెలియకుండా పెరగలేదు నేను."

"మనుషులతో ఒక్కసారి అనగా వినలేదే!"

"మనుషులు దానికి తగ్గట్టు ఉండాలిగా."

"సరే విను. ఇది మనిషి కాదు. నీ గోడు దానికి పట్టదు. నువ్వు కొట్టిన మాటలు ఎక్కడెక్కడ రాసున్నాయో చూసి తెస్తుంది, అంతే. 'నాకు', 'తన', 'వినిపించండి' అంతా పొట్టు. గింజలు మాత్రం వెయ్యి. రెండో మూడో."

కొట్టాను. మళ్లీ పాల పొడి.

"పైనున్నవి చూడకు. అవి డబ్బు కట్టి ముందు నిలబడ్డవి."

"చర్చిలో ముందు బెంచీల వాళ్లలాగా."

"నేనేం అనలేదు, నువ్వే అన్నావు. కిందికి జరుపు. ఇంకా. ఏదీ లేదా? ఉండదు మరి. లిస్సెల్ ఎవరు?"

"మతి పోయిందా? లిస్సెల్ మా ఇంటిపేరు. నీకు తెలీదా?"

"నాకు తెలుసు. దీనికెలా తెలుస్తుంది?"

మా ఊళ్లలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. నేను ఇల్లరికం వచ్చాను. వచ్చిన మర్నాటి నుంచే ఊరు నన్ను లిస్సెల్ ఏలోఫ్ అంది. నా పుట్టింటి పేరు ఎవరూ అడగలేదు. కానీ అది నోటి పేరు. సర్కారు కాగితాల్లో ఉండదు.

"ఊరు పిలిచే పేరు ఊరికే తెలుసు," అంది గున్వోర్. "ఉప్సాలా నుంచి వచ్చిన పిల్ల ఏమని రాసుకుంటుంది?"

"మార్గిట్ హాల్వర్సన్."

"కొట్టు. రెంటికీ కలిపి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టు. అప్పుడు రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నచోట్లే తెస్తుంది. లేకపోతే ఒక మార్గిట్‌ని ఇక్కడా, ఒక హాల్వర్సన్‌ని అక్కడా పట్టుకొచ్చి నీ ముందు పోస్తుంది."

పెట్టాను. దక్షిణాన ఎక్కడో పళ్లు పీకే డాక్టరమ్మ వచ్చింది. పేజీ నిండా ఆవిడే. తెల్లటి పళ్లు చూపించి నవ్వుతోంది.

"ఈవిడ అవతలికి పోదా?"

"పంపించెయ్. ఖాళీ వదిలి, మైనస్ గీత పెట్టి, దానికి ఆనించి 'దంత' అని కొట్టు."

కొట్టాను. డాక్టరమ్మ మాయమైంది. పళ్లూ లేవు, నవ్వూ లేదు. ఈ ఫోను చేసిన పనుల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. ఒక చిన్న గీత పెట్టి మనిషిని తీసెయ్యొచ్చు. బతుకులో ఇలాంటిది ఉంటే ఈ ఊరు చాలా ప్రశాంతంగా ఉండేది.

"ఎవరెవరిని తీసేస్తున్నావో నీ మొహంలో కనపడుతోంది," అంది గున్వోర్. "నన్ను మాత్రం ఉంచు. బస్సు నడిపేవాళ్లు దొరకడం లేదు."

డాక్టరమ్మ పోయాక ఒక్కటే మిగిలింది. మార్చిలో జిల్లా పత్రికలో నేనే వేయించిన చావు ప్రకటన. పైన చిన్న శిలువ గుర్తు, కింద ఆమె పేరు, నా పేరు.

గున్వోర్ థర్మాస్ మూత తీసి కాఫీ పోసి నా ముందు పెట్టింది. నేను లేచాను.

"లేదు. చాల్లే. గురువారం హోల్గర్ వస్తాడు."

"కూర్చో. దొరకలేదంటే లేదని కాదు. మనం వేరే తలుపు కొడుతున్నామని. కాఫీ చల్లారకముందు తాగు."

కూర్చున్నాను. కాఫీ బాగానే ఉంది.

"నువ్వు ఆమెను ఏమని పిలుస్తావో వదిలెయ్," అంది. "ఆ పిల్ల ఊరికి పోయి, బల్ల ముందు కూర్చుని, ఆ టేపు మీద ఏమని రాసి ఉంటుంది? అది ఆలోచించు."

"ఆ పిల్ల బుర్రలో ఏముందో నాకేం తెలుసు? ఏదైనా ఉందని కూడా నమ్మకం లేదు."

"మనుషుల గురించి నువ్వు మంచిగా ఆలోచించక్కర్లేదు. కాసేపు వాళ్లలా ఆలోచించు. చాలు."

తన సొంత కంప్యూటర్ తెరిచింది. పాత పాటలూ పిలుపులూ దాచే భాండాగారం ఒకటి ఉందట. సెర్చ్‌ను ఆ ఒక్క చోటికే కట్టేసింది. మేము పిలుపు అనేదాన్ని చదువుకున్నవాళ్లు 'కుల్నింగ్' అంటారట. అది కొట్టింది. దాని పక్కన మా చర్చి ఊరు, ఓల్‌షో.

కొన్ని వచ్చాయి. ఒక్కొక్కటీ నొక్కి వినిపించింది. మొదటి ఊపిరికే నాకు తెలిసిపోయేది.

"కాదు. ఇది బాక్ ఇంటి పిలుపు."

"ఇది?"

"ఇది పిల్లి తోక తొక్కినట్టుంది."

"నోరు మంచిది చేసుకో. అది మా పెద్దమ్మ."

"నీ పెద్దమ్మ అయినా అంతే."

గున్వోర్ నవ్వి తరువాతది నొక్కింది. అదీ కాదు. అన్నీ అయిపోయాయి. నాకు మళ్లీ లేవాలనిపించింది కానీ కాఫీ ఇంకా ఉంది.

"ఆ పిల్ల వచ్చినప్పుడు మీరెక్కడున్నారు?"

"పాకలో. ఇంకెక్కడ?"

"ఏ పాక? ఇప్పుడున్నదేనా?"

"అంతే అయ్యుంటుంది."

"అయ్యుంటుంది అంటే వెతకలేం. ఏ నెలలో వచ్చింది? వానా, ఎండా? ఏం పెట్టారు తినడానికి?"

ఆ చివరి ప్రశ్నకు నాకు వెంటనే జవాబు వచ్చింది. కోపం మనిషికి బాగా గుర్తుంటుంది. నేను పొద్దంతా బురదలో వంగి, దోమలకు రక్తం పోసి, ఒక గిన్నెడు పసుపు బెర్రీలు ఏరుకొచ్చాను. మీగడ వేసుకుని తిందామని పెట్టుకున్నాను. మార్గిట్ ఆ గిన్నె తీసి ఆ పిల్ల ముందు పెట్టింది. నేను చిరాకుపడి కట్టెలు కొట్టడానికి పోయి వచ్చేసరికి ఆ పిల్ల గిన్నె అడుగు కూడా గీకేసింది.

"పసుపు బెర్రీలా?" గున్వోర్ చెయ్యి ఆగిపోయింది. "అవి పండేదెప్పుడు ఏలోఫ్?"

అవి పండేది జూలై చివర, ఆగస్టు మొదట్లో. జూన్‌లో మేము దగ్గరి పాకలో ఉండేవాళ్లం. గడ్డి కోతలవగానే పశువులను తోలుకుని దూరపు పాకకు, గ్రోవాలెన్‌కు పోయేవాళ్లం. చలి మొదలయ్యాకే మళ్లీ దగ్గరి పాక. అందరూ అలాగే చేసేవాళ్లు. తరువాత గ్రోవాలెన్ పైకప్పు కూలింది, మేమూ పోవడం మానేశాం. ఇన్నాళ్లూ దగ్గరి పాకలోనే ఉంటూ, అన్నీ ఇక్కడే జరిగినట్టు అనుకుంటున్నాను.

"గ్రోవాలెన్," అన్నాను.

ఆమె కొట్టింది. కంప్యూటర్ దాన్ని దానంతట అదే దిద్ది, మంచు మీద జారడానికి జనం పోయే ఏదో ఊరి పాటలు చూపించింది.

"చూశావా, మనకంటే తనకే ఎక్కువ తెలుసనుకుంటోంది. ఇదిగో ఇక్కడ, 'నేను కొట్టిందే వెతుకు' అని ఉంటుంది. దాన్ని నొక్కాలి."

నొక్కింది. గ్రోవాలెన్‌లు నాలుగైదు ఉన్నాయి దేశంలో. ఓల్‌షో కలిపి కొడితే ఒక్కటీ లేదు.

"ఏలోఫ్, గ్రోవాలెన్ నదికి ఇటువైపా, అటువైపా?"

"అటు."

అన్నాక నాకే అర్థమైంది. నదికి అటువైపు అడవి మాదే, పాక మాదే, కానీ చర్చి వేరు. అటువైపు పుట్టినా చచ్చినా వెస్టర్‌నోర్ చర్చిలో రాస్తారు. ఆ పిల్ల మ్యాపు చూసి రాసి ఉంటుంది. మ్యాపుకు మనుషులు ఎటు నుంచి వచ్చారో తెలీదు.

గున్వోర్ 'గ్రోవాలెన్ వెస్టర్‌నోర్ కుల్నింగ్' అని కొట్టింది.

ఒక్కటే వచ్చింది. "పశువుల పిలుపు. స్త్రీ, ముప్పై ఏళ్లు ఉండవచ్చు. పేరు నమోదు కాలేదు."

"పేరు అడగలేదు," అన్నాను. "నా బెర్రీలు తిని, పేరు అడగలేదు."

"తిట్టడం తరువాత. ముందు విను."

నొక్కింది. ముందు గాలి. ఎవరో తలుపు వేసిన చప్పుడు. ఒక దగ్గు, అది నాదే. తరువాత మార్గిట్.

ఆ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసనే అనుకున్నాను. తెలీదు. చివరి రెండేళ్ల గొంతే నాలో మిగిలి ఉంది, ఆస్పత్రి గొంతు, నీళ్లు అడిగే గొంతు. ఇది ముప్పై ఏళ్ల మనిషి గొంతు. పైకి లేచి, మెలిక తిరిగి, ఎక్కడా తడబడకుండా గాల్లో నిలబడింది.

నేను చెయ్యి చాచి ఆపేశాను. బస్సులో ఏడవడానికి రాలేదు నేను. గున్వోర్ నా వైపు చూడలేదు. వరుసగా ఉన్న పుస్తకాలనే మళ్లీ వరుసగా పెట్టింది. తరువాత ఆ పేజీని నా ఫోనులోకి పంపించి, ఎక్కడ నొక్కాలో రెండుసార్లు చూపించింది.

"గురువారం లోపు కదా," అంది. "ఈ సాయంత్రమే వినిపించు వాటికి."

"చూస్తాను."

"థాంక్స్ అనడం నీకు రాదని తెలుసు. ఫోనుకైతే అంటావు."

"కాఫీ బాగుంది," అన్నాను. నా వరకు అది చాలా పెద్ద మాట. ఆమెకూ తెలిసింది, నోరు మూసుకుంది.

ఆ సాయంత్రం పాక ముందు నిలబడ్డాను. ఎండ ఇంకా గుట్ట మీద ఉంది. ఆవులు ఎక్కడా లేవు. ఫోను శబ్దం పూర్తిగా పెంచి, చెయ్యి పైకెత్తి, నొక్కాను.

మార్గిట్ పిలిచింది. డబ్బాలో ఈగ తిరిగినట్టుంది. కంచె దాకా కూడా పోలేదు. అడవి ఎక్కడ, ఇది ఎక్కడ! బస్సులో తలుపులు మూసున్నాయి కాబట్టి పెద్దగా వినిపించింది. బయట ఆకాశం ఉంటుందని గున్వోర్ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. రెండోసారి పెట్టాను. కంచె పక్కన ఉన్న పిట్ట కూడా కదల్లేదు.

గురువారం హోల్గర్ వస్తాడు. ఇక చేసేదేమీ లేదు. మెట్టు మీద కూలబడ్డాను. ఫోను ఒళ్లో ఉంది. పిలుపు అయిపోయింది. ఆపడానికి నాకు మనసు రాలేదు. అది నడుస్తూనే ఉంది. పిలుపు తరువాత కూడా ఏదో ఉంది. చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు.

"మీ తరువాత ఎవరు పిలుస్తారు వీటిని?" ఉప్సాలా పిల్ల గొంతు. నోటి నిండా నా బెర్రీలు.

"మాకు పిల్లల్లేరు," అంది మార్గిట్. "మా ఆయన పిలుస్తాడు."

"మగవాళ్లు పిలవరన్నారుగా?"

"పిలవరు. ఈయన పిలుస్తాడు. కట్టెల కొట్టం వెనక. నేను లోపల వెన్న చిలుకుతుంటే వినపడదనుకుంటాడు." నవ్వు. "మొదటి మెలిక బాగానే ఎత్తుతాడు. రెండోది విరిచేస్తాడు. మొద్దుకు రంపం పెట్టినట్టుంటుంది."

"మీరు నేర్పించొచ్చుగా?"

"నేర్పితే నాకు తెలుసని తెలిసిపోతుంది. మానేస్తాడు. అంత మొండిమనిషి. అందుకే ఆయన కొట్టం వెనక్కి పోయిన రోజు నేను చిలుకుతూనే ఉంటాను. వెన్న ఎప్పుడో వచ్చేస్తుంది, గట్టిపడిపోతుంది కూడా. అయినా చిలుకుతాను. ఆయన అయ్యాక ఆపుతాను."

"మరి ఆవులు వస్తాయా ఆయన పిలిస్తే?"

"ఎందుకు రావు? ఆవులు నవ్వవుగా."

ఆ తరువాత టేపు గరగరలాడి ఆగిపోయింది.

ఎవరికీ తెలీదనుకున్నాను. ఆ వెన్న నేను తిన్నాను. ఎందుకంత గట్టిగా ఉందని గొణిగాను కూడా. ఆమె ఏమీ అనలేదు, బ్రెడ్డు మీద అదిమి అదిమి రాసి ఇచ్చేది.

లేచాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఉన్నా ఈసారి పట్టించుకునేవాడిని కాదు. పిలిచాను.

మొదటి మెలిక లేచింది. రెండోది విరిగింది. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. గుట్ట మాత్రం దాన్ని తిప్పి పంపింది. ఫోనుకు గుట్ట జవాబివ్వలేదు. నాకు ఇచ్చింది. మళ్లీ పిలిచాను. మళ్లీ విరిగింది. ఊపిరి అందక నిలబడ్డాను.

కొమ్మ విరిగిన చప్పుడు.

గుల్లన్ ముందు వచ్చింది. మందకు అదే పెద్ద. చెట్ల అంచున ఆగి చెవులు నిక్కబొడిచింది. నన్ను చూసింది, నా వెనక గుమ్మం చూసింది. అక్కడ ఇంకెవరైనా ఉన్నారేమోనని కాసేపు వేచి చూసింది. ఎవరూ రాలేదు. నిట్టూర్చినట్టు ముక్కు చీది నా దగ్గరికి నడిచొచ్చింది. దాని వెనకే మిగిలిన నాలుగూ.

అవి పాలు పిండించుకోవడానికి నిలబడ్డాక హోల్గర్‌కు ఫోను చేశాను.

"గురువారం రావొద్దు."

"ఏమైంది? ఎలుగు పట్టుకుపోయిందా?"

"లేదు. వచ్చాయి."

"ఎలా వచ్చాయి?"

"పిలిచాను."

అటు నవ్వు వినిపించింది. చాలాసేపు నవ్వాడు. నవ్వనిచ్చి పెట్టేశాను. రేపటికి ఊరంతా నవ్వుతుంది. నవ్వేవాళ్ల పేర్లన్నీ గుర్తుపెట్టుకుంటాను, ఒక్కరినీ క్షమించను.

మార్గిట్‌ను కూడా. అంతకాలం తెలిసి, ఒక్క మాట అనకుండా, చిలుకుతూ కూర్చుంది. ఒక్కసారి చెప్పి ఉంటే రెండో మెలిక ఎలా ఎత్తాలో అడిగేవాడిని. ఇప్పుడు టేపు విని నేర్చుకోవాలి. గుల్లన్ పొదుగు కింద బకెట్ పెట్టి, దాని పొట్టకు నుదురు ఆనించి, ఫోను పక్కన పెట్టుకుని, మొదటి నుంచి మళ్లీ నొక్కాను.